ఆశకు నెలవు: శ్రీ రఘుపతి వేంకటరత్నము నాయుడుగారి జీవితము

ఆశను చంపుకొమ్మని సన్న్యాసులును, ఆశ లేక బ్రదుకెట్లని సంసారులును మన దేశమున చిరకాలమునుండి వాదులాడుకొనుచున్నారు. మాకు చూడ నీ రెండు పక్షములందును లోపము కానవచ్చుచున్నది. ఆశ మనుష్యునకు ఈశ్వరుడొసగిన బలము; దానిని చంపుట యేల? అయినను ఆ బలమును నిలుపరాని చోట నిలిపి, ఆ చోటు కూలినప్పుడు తామును కూలువారిని ప్రతిదినమును చూచుచున్నాము. కావున దాని నెచ్చట నిలుపవలెననునదియే విచారింపదగిన ప్రశ్న. గ్రంథములలో నుత్తరము వెదకుటకంటె, మన యాంధ్రదేశముననే యొక గృహస్థు తన బ్రదుకుతో నిచ్చిన యుత్తరమును పరిశీలించుట మేలని తలంచి, బ్రహ్మర్షి యని లోకులు గౌరవించిన రఘుపతి వేంకటరత్నము నాయుడుగారి చరిత్రమును చదువరుల యెదుట నుంచుచున్నాము.

నాయుడుగారు 1862 అక్టోబరు 1 వ తేదీన బందరులో జన్మించిరి. తండ్రి అప్పయ్యనాయుడుగారు సైన్యమున సుబేదారు. దండులో కొలువున్న వారికి ఒక యూరు తమదని చెప్పుకొనుట కష్టము. దండు కదలిన చోటికెల్ల కాపురము కదలవలయును. ఆ విధముగ బాల్యమున కొంతభాగము తెలుగుసీమకు వెలుపల గడచుటచేత నాయుడుగారికి హిందీ, ఉర్దూ భాషలు చిన్ననాడే పట్టుబడెను. పిమ్మట హైదరాబాదునకు వచ్చి యచ్చట చదివిరి.

ఆ దినములలో హైదరాబాదున ఆంగ్లవిద్యకు ప్రాణము పోసినవారు అఘోరనాథ చట్టోపాధ్యాయులవారు. ఎడింబరో విశ్వవిద్యాలయమున శాస్త్రపండిత పట్టమును పొంది వచ్చిన యా వంగదేశీయులు బ్రాహ్మధర్మావలంబులు, సరోజినీదేవిగారికి తండ్రి. 1883 లో చాందా రైలుమార్గపు వ్యవహారమున ప్రభుత్వమునకు ఎదురు నిలిచి, కొలువు పోగొట్టుకొని, నగరమునుండి వెడలగొట్టబడి, కొంతకాలమునకు మరల పిలిపింపబడిరి. దొరతనమువారి కొలువు ఎంత నిలుకడగలదో ఆ నాటి విద్యార్థులకు వేరుగ బోధింపనక్కరలేకపోయెను.

తరువాత నాయుడుగారు చెన్నపట్టణమున క్రైస్తవ కళాశాలలో చేరి విలియం మిల్లరు పండితులకు ప్రియశిష్యులైరి. మిల్లరుగారు క్రైస్తవ మతాచార్యులే యైనను, శిష్యుల మతమును మార్పించుటకంటె శీలమును గట్టిపరచుటయే ముఖ్యమని యెంచినవారు. నాయుడుగారు క్రైస్తవులు కాలేదు. రామమోహనరాయలవారు 1828 లో కలకత్తాలో నాటిన మొక్క, 1864 లో కేశవచంద్రసేనులవారి రాకతో చెన్నపట్టణమున వేదసమాజమను పేర చిగిర్చి, పిదప దక్షిణ హిందూదేశ బ్రాహ్మసమాజముగా నెదిగియుండెను. మన్నవ బుచ్చయ్యపంతులుగారి వంటి వారి సాంగత్యమున నాయుడుగారు దాని నీడకు చేరిరి.

ఆ చేరికకు వెల యెంతయో నేటి వారికి తెలియుట కష్టము. విగ్రహారాధన మానినవాడు పండుగనాడు తన యింటనే పరాయివాడగును. తల్లి కంట నీరు పెట్టును. చెల్లెండ్ర పెండ్లిండ్లకు చిక్కులు వచ్చును. బంధువులు తన పంక్తిని కూర్చుండరు. పట్టపరీక్షలో తేరినవానికి లోకమర్యాదలు రెండు చేతులతో నందిచ్చు సుఖములను, అవి చేతికందు సమయముననే ఆయన ప్రక్కకు నెట్టిరి. ఇది మొదటి త్యాగము. అయితే ఇది తాను కోరి చేసినది. కోరి చేసిన త్యాగమున కొంత యుత్సాహమును, కొంత గర్వమునుకూడ కలిసియుండవచ్చును. ఈశ్వరుని పరీక్ష కోరనిదానితో ప్రారంభమగును.

మూడుపదులు నిండకమునుపే ఆయనకు భార్యావియోగము సంభవించెను. ఆ కాలమున భార్య పోయిన పురుషునకు సంవత్సరము తిరుగకుండ పిల్లను వెదకి పెండ్లిచేయుట పెద్దల కర్తవ్యము. తలగొరిగిన పదేండ్ల బాలిక మూలను కూర్చుండగా, ఆ యింటనే ఏబదియేండ్ల విధురుడు పెండ్లిపీట నెక్కుట యెవ్వరికిని వింతగా తోచెడిది కాదు. నాయుడుగారు మరల వివాహమాడలేదు. నాటినుండి తెల్లని వస్త్రములనే ధరించిరి. ఆ తెలుపు పవిత్రతకు గురుతని యెల్లరును చెప్పుదురు; మేమును కాదనము. కాని మన దేశమున తెల్లని వస్త్రము వితంతువునకు విధింపబడినదని మరువరాదు. స్త్రీకి బలవంతముగా కట్టబెట్టినదానిని ఒక పురుషుడు తనంత తాను ధరించుటలో, సంస్కర్తల నూరు ఉపన్యాసములకంటె బలమైన మాట యొకటి కలదని మాకు తోచుచున్నది.

ఇచ్చట చదువరులను ఒక క్షణము నిలువుడని వేడెదము. బ్రాహ్మధర్మావలంబికి దుఃఖకాలమున ఊతలు తక్కువ. జాతకము చూచి గ్రహములపై నేరము మోపుటకు వీలులేదు. శాంతి చేయించి కీడు తొలగినదని నమ్ముటకు వీలులేదు. మ్రొక్కు చెల్లించి దేవునితో లెక్క సరిచేసికొంటినని యూరడిల్లుటకును వీలులేదు. నిరాకారుడగు పరమేశ్వరుని యెదుట వట్టిచేతులతో కూర్చుండుట యొక్కటే మిగులును. ఇది కఠినమైన మార్గము. సులభమని చెప్పి యెవ్వరిని మోసగింపము. మాలో పెక్కండ్రము క్షేమముగ నున్నంతవరకు నిరాకారోపాసకులమై, ఇంట జ్వరము ప్రవేశించినతోడనే గుడిగోపురమువైపు దొంగచూపు చూచువారమే. నాయుడుగారు ఏకాంతమున నేమని ప్రార్థించిరో చెప్పుటకు మేమెవరము? ఫలమును బట్టి ఊహింపవలసినదే. ఒక గృహమునకు పరిమితమై యుండవలసిన ప్రేమ, ఆ గృహము కూలిన పిమ్మట ఎండిపోక, వీధిలోనికి ప్రవహించెను.

ఆ ప్రవాహము మొదట బందరు నోబిలు కళాశాలలో కనబడినది. అచ్చట అధ్యాపకులై యుండగా పట్టాభి సీతారామయ్యగారు, ముట్నూరి కృష్ణరావుగారు, కోపల్లె హనుమంతరావుగారు ఆయన పాఠములు వినిరి. ఈ మువ్వురును కలిసి 1910 లో బందరున ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించిన సంగతి చదువరులకు తెలిసినదే. నాయుడుగారు స్వరాజ్యోద్యమమున దిగలేదు. ఆయన శిష్యులు దిగిరి. భోగముమేళములపై ఆయన పోరాటమును బందరు దినములలోనిదే. పెండ్లిలో మేళము పెట్టించుట ధనికుల గౌరవచిహ్నముగ నుండిన యా కాలమున, మేళమున్న సభకు తాను పోకుండుటయే గాక, పోమని విద్యార్థులచేత ప్రతిజ్ఞ చేయించిరి. ఆ బాలురలో పలువురి తండ్రులే మేళములు పెట్టించువారు. ఉపాధ్యాయునకు జీతమిచ్చువారి మనస్సు నొప్పించు పని యిది.

1899 లో నాయుడుగారు సికింద్రాబాదునకు వచ్చి మహబూబు కళాశాలకు అధ్యక్షులై 1904 వరకు నచ్చట నుండిరి. ఈ యైదేండ్లను వారి చరిత్రమును చెప్పువారు సాధారణముగా రెండు పంక్తులతో దాటివేయుదురు. మేమట్లు చేయజాలము. వెనుక దుఃఖము, ముందు కీర్తి; నడుమ నున్న కాలమిది. అండగా నిలుచు ప్రభువు లేడు, బిరుదము లేదు, చుట్టును శిష్యకోటి యింకను చేరలేదు. మనుష్యుని యాశ యెచ్చట నాటుకొనియున్నదో తెలిసికొనుటకు ఇట్టి మరుగుకాలమే తగినది.

ఆ యూరిని మన ప్రజలు నేటికిని లష్కరనియే పిలుతురు. 1798 నాటి సంధి చొప్పున నిజాము రాజ్యమున నిలిపిన ఆంగ్లసైన్యపు విడిది క్రమముగా పెరిగి, 1806 లో మూడవ నిజామగు సికందరుజా పేరు దాల్చి పట్టణమైనది. 1874 లో రైలు వచ్చెను. దండు ఉన్నచోట బత్తెము, బత్తెమున్నచోట అంగడి, అంగడి యున్నచోట కల్లుపాకయు సారాయి దుకాణమును వెలయుట సహజము. తమిళదేశపు మొదలియార్లు, మన కోమట్లు, పారసీకులు, మార్వాడీలు అందరును రూక కొరకే వచ్చినవారు. తప్పు పట్టుటకు చెప్పుట లేదు. పొట్ట చేతబట్టుకొని వచ్చినవారికి రూకయే యాశ. సుబేదారు కుమారునకు దండు వీధులు క్రొత్తవి కావు. మద్యపానమును, వేశ్యాసంగమమును దండువారి బ్రదుకులను ఎట్లు తినివేయునో ఆయన యెరుగని సంగతి కాదు. ఆ రెంటికిని విరోధముగ బందరులో పూనిన వ్రతమును లష్కరులోను విడువలేదు.

ఆ విద్యాలయమును సోమసుందరము మొదలియారుగారు, విచిత్రముగా, నాయుడుగారు పుట్టిన 1862 లోనే స్థాపించిరి. తరువాత దానికి ఆరవ నిజామగు మహబూబు అలీఖాను పేరు పెట్టబడెను. ఈ ప్రభువు వృత్తాంతమొకటి మా విషయమునకు చాల దగ్గరగా నున్నది. 1891 లో జేకబను రత్నవర్తకుడు ఆయనకు గొప్ప వజ్రమొకటి బేరము పెట్టెను. దాని తూకము 184 కారట్లకు పైబడినది. వెల 46 లక్షల రూపాయలని మాట. బేరము పేచీలో పడి కలకత్తా న్యాయస్థానమునకెక్కెను. ప్రజలు దేవునివలె కొలుచు ప్రభువు ఒక వర్తకుని వ్యాజ్యమున సాక్ష్యమియ్యవలసి వచ్చెను. తుదకు వజ్రము దక్కెను గాని దానిని చూచిన నాయనకు రోత పుట్టెనట. 1911 లో ఆయన గతించిన పిమ్మట కుమారుడు ఉస్మాను అలీఖాను దానిని పాత జోడు మొనలో కనుగొని, కాగితములు ఎగురకుండ బరువుగా నుంచుకొనెనని చెప్పుదురు. 1995 లో తక్కిన నగలతోపాటు 218 కోట్ల రూపాయలకు భారతప్రభుత్వము కొనుటచేత అది నేడు ప్రభుత్వపు భద్రమందిరమున నున్నది. మహబూబు ప్రభువును నిందింపవలెనని మా తలంపు కాదు. 1908 లో మూసీనది పొంగి వేలమందిని పొట్టబెట్టుకొన్నప్పుడు దిక్కులేనివారికి తన ప్రాసాదముల తలుపులు తెరపించిన దయాళువాయన. ఆయనను జనులు తలచుకొనుట ఆ తలుపుల కొరకే. జోడులోని రాతి కొరకు కాదు.

లష్కరులో రూకను మించిన యాశయు నొకటి గలదు. సురిటి అప్పయ్య యను డోలీబోయ దండుతోకూడ ఉజ్జయినికి పోయియుండగా, 1813 లో మహామారి వ్యాపించెను. అది శాంతించినచో తన యూర అమ్మవారిని నిలిపెదనని మ్రొక్కుకొని, తిరిగివచ్చిన పిమ్మట 1815 లో ఆయన ప్రతిష్ఠించినదే ఉజ్జయిని మహాకాళి గుడి. ఆషాఢమున అచ్చట జరుగు బోనాలను చూడనివారు జంటనగరములలో లేరు. ప్రతిమారాధనము మాకు సమ్మతము కాదు. మ్రొక్కుబడి దేవునితో చేసికొను బేరమని మా సమాజము మొదటినుండి చెప్పుచున్నది. అయినను, పల్లకి మోయు ఆ బీదవాడు కోరినది తన యొక్కని క్షేమము కాదు, చుట్టునున్న వారందరి ప్రాణములు. ఇది గమనింపక ఆయనను మూఢుడని త్రోసివేయు సంస్కర్త, తన చదువునే విగ్రహముగ పూజించువాడు. మేము చెప్పదలచిన భేద మిది: మ్రొక్కులోని యాశ, కోరినది దక్కిననే నిలుచును, నాయుడుగారి యాశ కోరినది దక్కని పిమ్మటను నిలిచినది.

ఆ కళాశాలకు మరియొక కీర్తియు గలదు. 1893 ఫిబ్రవరి 13 న, అమెరికాకు పోవుటకు పూర్వము, వివేకానందస్వామివారు అచ్చట పెద్ద సభలో ఉపన్యసించిరి. ఊరివారు నేటికిని దానినే చెప్పుకొందురు. న్యాయమే. అయితే ఒక సాయంకాలపు వాగ్ధాటి నూరేండ్లు జ్ఞాపకముండి, ఐదేండ్లు ప్రతి ఉదయమున పాఠము చెప్పినవాని పేరు మరుగుపడుట లోకరీతియని మాత్రము గ్రహింపవలయును. మెప్పు కొరకు పాఠము చెప్పువాడు ఆ రీతిని చూచి నిరాశ చెందక తప్పదు.

1904 లో నాయుడుగారు సికింద్రాబాదును విడిచి కాకినాడకు పోయి, పిఠాపురము రాజావారి కళాశాలకు అధ్యక్షులైరి. 1919 వరకు ఆ పదవిలో నుండిరి. ఆయన జీవితమున మిక్కిలి ప్రసిద్ధమైన భాగమిదియే గనుక విస్తరింపము. బాలికలను బాలురతోకూడ చేర్చుకొనిరి. ఆనాడు పంచములని దూరముగ నుంచబడిన కులముల బాలురను పిలిచి చదివించిరి. జీతములో తనకు గావలసిన కొంచెము తీసికొని, తక్కినది బీదవిద్యార్థులకును అనాథలకును వెచ్చించిరి. పిఠాపురము ప్రభువులగు సూర్యారావు బహద్దరువారు ఆయనను గురువుగ భావించి అనాథశరణాలయమును, ప్రార్థనమందిరమును కట్టించిరి. సూర్యరాయాంధ్ర నిఘంటువును వెలువరింపజేసిన ప్రభువులు వీరే. నిఘంటువు ఎంత గొప్పదైనను, కులము తెలియని పసికందునకు గుక్కెడు పాలు పోయించుట అంతకంటె గొప్పదని మా యభిప్రాయము.

బిడ్డలు లేని యింట బిడ్డలు నిండిరి. అన్నము తినిపించుట, జడ వేయించుట, జ్వరము వచ్చిన రాత్రి మేలుకొనియుండుట, ఎదిగిన పిల్లకు వరుని వెదకుట: శరణాలయమనగా ఇవియే. కులము అడుగని వరుడు ఆ దినములలో ఎంత యరుదో కన్నబిడ్డలున్నవారికి వేరుగ చెప్పనేల?

దేవులపల్లి కృష్ణశాస్త్రిగారును, గుడిపాటి వెంకటచలముగారును యౌవనమున ఆయన ప్రభావమునకు లోనై బ్రాహ్మసమాజమున మెలగిరి. చలముగారు తరువాత నడచిన త్రోవ వేరు. అందులకు గురువును దూషించువారు కొందరు గలరు. వెలుగు చూపినవాడు నడకకు కూడ పూచీ వహింపవలెననుట న్యాయము కాదు.

ఇక నొక యాక్షేపణ గలదు. లౌకికములపై నాశ లేనివానికి 1924 లో సర్ బిరుదమేల, 1925 మొదలు 1928 వరకు చెన్నపురి విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షపదవి యేల, జమీందారు ధనమేల యని కొందరు పెద్దలు మమ్మడిగిరి. ఈ ప్రశ్న తేలికగ త్రోసివేయదగినది కాదు. రైతు చెల్లించిన శిస్తుతో నిండిన బొక్కసమునుండి వచ్చిన రూకతో అనాథను పోషించుటలో చిక్కు లేదని మేము చెప్పజాలము. మాకు తోచిన సమాధానము ఇంతవరకే: ఆ గౌరవములు వచ్చినప్పుడు ఆయన నడవడి మారలేదు, గడువు తీరి పోయినప్పుడును మారలేదు. వానిని ద్వేషించి పారిపోవుట ఆయన పద్ధతి కాదు. చేతికి వచ్చినదానిని అనాథల కొరకు వాడిరి, గుండెకు ఎక్కించుకొనలేదు.

కాని మేమొప్పుకొనవలసిన తప్పొకటి యున్నది. అది ఆయనది కాదు, మాది. ఆయన దైవముపై నిలిపిన యాశను మేము ఆయనపై నిలిపితిమి. ఆంధ్రదేశమున బ్రాహ్మసమాజమనగా నాయుడుగారు, నాయుడుగారనగా సమాజము అని యెంచి, ఆ తెల్లని రూపము మందిరమున కనబడినంతకాలము మాకు లోటులేదని నిశ్చింతగ నుంటిమి. ఆయన పోయిన పిమ్మట ఉపాసకుల సంఖ్య తగ్గుచు వచ్చెను. విగ్రహములను విడిచితిమని చెప్పుకొనిన మేము, సజీవవిగ్రహమొకటి చేసికొని, అది లేకపోగానే దిక్కుతోచక నిలిచితిమి. తండ్రియో గురువో నాయకుడో పోయిన పిమ్మట చదువరులలో నెవరికైన నిట్టి యవస్థ కలిగియుండినచో, మా మాట వారికి వేరు వ్యాఖ్యానము లేకయే బోధపడును.

ఆయన కాలపు ఆధారములలో నేడు మిగిలినవి కొద్ది. బిరుదములిచ్చిన ఆంగ్లప్రభుత్వము 1947 లో వెడలిపోయెను. మహబూబు వంశపు రాజ్యము 1948 సెప్టెంబరులో భారతదేశమున కలిసిపోయెను. అదే సంవత్సరపు చట్టముచేత జమీందారీలు రద్దై పిఠాపురము సంస్థానమును అంతరించెను. సికింద్రాబాదున పాట్నీ కూడలికి చేరువగా మహబూబు కళాశాల మాత్రము నిలిచియున్నది. దాని యెదుటి వీధికి అఘోరనాథులవారి కుమార్తె సరోజినీదేవిగారి పేరు పెట్టిరి.

నాయుడుగారు 1939 మే 26 వ తేదీన కాకినాడలో పరమపదించిరి. డెబ్బదియారేండ్ల యా వృద్ధుని మేనిపై, భార్య పోయిన నాడు కట్టిన తెలుపే యుండెను.